ఒక సెమిస్టర్ అక్కడ, డిగ్రీ ఇక్కడ

సొంత విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉంటూనే, చదువులో నాలుగు నుంచి ఆరు నెలల భాగాన్ని మరో దేశపు విశ్వవిద్యాలయంలో పూర్తిచేసి తిరిగి రావడాన్ని సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ అంటారు. ఫీజు ఎప్పటిలాగే సొంత కాలేజీకే కడతారు. అవతలి విశ్వవిద్యాలయం ట్యూషన్ ఫీజు అడగదు. అక్కడ పాసైన సబ్జెక్టులు క్రెడిట్ల రూపంలో వెనక్కి వచ్చి ఇక్కడి మార్కుల జాబితాలో చేరతాయి. పట్టా ఇచ్చేది ఇక్కడి విశ్వవిద్యాలయమే. బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కు వెళ్లడం వేరు, ఇది వేరు. ఎమ్మెస్‌లో ప్రవేశం, ఫీజు, పట్టా అన్నీ విదేశానివే. ఎక్స్ఛేంజ్‌లో తిరుగు ప్రయాణం తేదీ ముందే రాసి ఉంటుంది.

కడప–కర్నూలు రహదారి మీద మైదుకూరు దాటాక వచ్చే దువ్వూరు మండలానికి విదేశం అన్న మాట కొత్త కాదు. కేసీ కాలువ నీళ్లకు వరి, పసుపు పండించే ఈ నేల చుట్టుపక్కల నుంచీ, మొత్తం కడప జిల్లా నుంచీ కువైట్‌కు పనికి వెళ్లినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఇంజినీరింగ్ అయ్యాక అమెరికా ఎమ్మెస్ అన్నది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో రోజూ వినపడే మాటే. దానికి నలభై యాభై లక్షలు అవుతుంది. పొలం బ్యాంకులో పెట్టడమో, అమ్మడమో, అప్పు తేవడమో తప్పదు. డిగ్రీ మధ్యలోనే ఆరు నెలలు వెళ్లి వచ్చే దారి ఒకటుందని మాత్రం చాలా ఇళ్లకు తెలియదు. తెలియకపోవడానికి కారణం కూడా ఉంది. కన్సల్టెన్సీలకు విదేశీ విశ్వవిద్యాలయాల నుంచి ప్రవేశానికింత అని కమిషన్ ముడుతుంది. ఎక్స్ఛేంజ్‌లో అలాంటి ముడుపు ఉండదు. విద్యార్థి పేరును సొంత విశ్వవిద్యాలయమే నామినేట్ చేయాలి, ఆ అధికారం ఏ ఏజెంటుకూ లేదు. ఆదాయం లేని దారి గురించి బోర్డు పెట్టేవాళ్లు ఉండరు.

ఈ దారిన వెళ్లేవాళ్లు తక్కువని లెక్కలూ చెబుతాయి. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో పీజీ, పరిశోధన స్థాయివాళ్లు 1,96,567 మంది. డిగ్రీ కోసం కాకుండా కొంతకాలం చదివి వెళ్లే వర్గం 1,426 మంది మాత్రమే. ఎక్స్ఛేంజ్ విద్యార్థులు వచ్చేది ఈ వర్గంలోనే. అర శాతం కూడా లేరన్నమాట. అమెరికా వైపు నుంచి చూస్తే 2022–23లో 2,80,716 మంది అక్కడి విద్యార్థులు తమ డిగ్రీలో భాగంగా విదేశాల్లో చదివి వచ్చారు. డబ్బున్న దేశం గనక అని కొట్టిపారేయడానికి లేదు. అక్కడ ఈ ఏర్పాటుకు నూరేళ్ల చరిత్ర ఉంది.

ఎనిమిది మందితో మొదలు

1923 జులైలో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి ఎనిమిది మంది విద్యార్థులు ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే ఫ్రెంచి భాషా అధ్యాపకుడిది ఆ ఆలోచన. డిగ్రీలో మూడో ఏడాదిని విదేశంలో చదివి, ఆ చదువును సొంత డిగ్రీలోనే లెక్కగట్టించుకునే పద్ధతి అమెరికాలో అలా మొదలైంది. రెండేళ్లకు స్మిత్ కాలేజీ అదే దారి పట్టింది. స్వతంత్ర భారతంలో 1950 ఫిబ్రవరి 2న నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ చేసిన సంతకాలతో రెండు దేశాల మధ్య విద్యా మార్పిడికి ఫుల్‌బ్రైట్ ఒప్పందం వచ్చింది. అది ఎక్కువగా పరిశోధకులకూ అధ్యాపకులకూ ఉపయోగపడింది.

ఐరోపా కథ ఒక అవమానం నుంచి పుట్టింది. రోమ్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న సోఫియా కొరాడీ ఫుల్‌బ్రైట్ సాయంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1958లో తిరిగొచ్చింది. అక్కడ చదివింది లెక్కలోకి తీసుకోమని సొంత విశ్వవిద్యాలయాన్ని అడిగితే, ఆఫీసులో నలుగురి ముందు చీవాట్లు పెట్టి పంపారు. చదివిన ఏడాది లెక్కకు రాలేదు, పట్టా వెనకబడింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని ఆమె దాదాపు మూడు దశాబ్దాలు మంత్రులకూ వైస్ చాన్సలర్లకూ ఉత్తరాలు రాస్తూ, తిరుగుతూ పోరాడింది. చివరకు 1987లో యూరోపియన్ దేశాల ఎరాస్మస్ పథకం మొదలైంది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. ఇప్పటివరకు ఆ పథకం కింద ప్రయాణించినవారు కోటిన్నరకు పైమాటే. కొరాడీని ఐరోపా విద్యార్థులు ‘మమ్మా ఎరాస్మస్’ అని పిలుచుకున్నారు. ఆమె పోరాటం టికెట్టు డబ్బుల కోసం కాదు, చదివింది చదివినట్టు రాసి ఇవ్వమనే. ఎక్స్ఛేంజ్ అనే ఏర్పాటుకు ప్రాణం ఈనాటికీ అక్కడే ఉంది.

తెలుగునాట ఈ రాకపోకలు ముందు అటునుంచి ఇటుగా సాగాయి. వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దశాబ్దాల పాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, 1960ల్లోనే తన విద్యార్థులను ఏడాది చదువుకు భారతదేశం పంపడం మొదలుపెట్టింది. ఇక్కడికి వచ్చేవాళ్లు నేర్చుకునే భాషల్లో తెలుగూ ఉండేది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1998లో ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం ప్రారంభించి, విదేశీ విద్యార్థులకు సెమిస్టర్ చొప్పున చదువు చెప్పి క్రెడిట్లు ఇస్తోంది. అలా కుదిరిన స్నేహాల మీదే తర్వాత మన విద్యార్థులు అటు వెళ్లే ఒప్పందాలు నిలబడ్డాయి.

ఒకరు వస్తేనే ఒకరు వెళ్లేది

ట్యూషన్ ఫీజు లేకుండా అవతలివాళ్లు ఎందుకు చేర్చుకుంటారన్న సందేహం సహజం. వాళ్ల విద్యార్థి ఒకడు ఇక్కడికి వచ్చి వాళ్లకే ఫీజు కడతాడు, మన విద్యార్థి అక్కడికి వెళ్లి మనకే కడతాడు. రెండు వైపులా సీట్లు సమానంగా నిండితే ఎవరికీ నష్టం లేదు. ఒప్పందాల్లో ‘ఏటా ఇద్దరు చొప్పున’, ‘అయిదేళ్లలో లెక్క సరిచూసుకోవాలి’ వంటి షరతులు ఉండేది ఇందుకే. పంపేవాళ్లే తప్ప వచ్చేవాళ్లు లేని విశ్వవిద్యాలయానికి రెండు మూడేళ్లలో సీట్లు తగ్గిపోతాయి, లేదా ఫీజు కట్టి రమ్మంటారు. కొన్ని కాలేజీలు ‘సెమిస్టర్ అబ్రాడ్’ పేరుతో పంపే కార్యక్రమాల్లో అక్కడి ఫీజు విద్యార్థే కట్టుకోవాల్సి వచ్చేది అందువల్లే. పేర్లు ఒకేలా వినిపిస్తాయి, ఖర్చులో లక్షల తేడా ఉంటుంది. సంతకం పెట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: అక్కడి ట్యూషన్ ఫీజు మాఫీయా, కాదా?

రెండో ప్రశ్న క్రెడిట్లది. మన బీటెక్‌కు ఏఐసీటీఈ 2018 నమూనా ప్రణాళిక ప్రకారం మొత్తం 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సగటున 20. ఐరోపాలో సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. ఒక్కో ఈసీటీఎస్ క్రెడిట్ అంటే క్లాసు, ల్యాబు, ఇంట్లో చదువు అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని. కాబట్టి అక్కడి 30, ఇక్కడి 20కి సరితూగుతుందని చాలాచోట్ల లెక్కేస్తారు. ఈ నిష్పత్తిని నిర్ణయించాల్సింది సొంత విశ్వవిద్యాలయం. అదీ బయల్దేరకముందే, కాగితం మీద.

ఆ కాగితం పేరు లెర్నింగ్ అగ్రిమెంట్. ఒక పట్టికలో అక్కడ చదవబోయే కోర్సులు, వాటి కోడ్లు, క్రెడిట్లు ఉంటాయి. పక్క పట్టికలో వాటికి బదులుగా ఇక్కడ ఏ సబ్జెక్టులు తీసేస్తారో ఉంటుంది. కింద విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకునే విశ్వవిద్యాలయం ముగ్గురి సంతకాలు. మూడో ఏడాది కంప్యూటర్ సైన్స్ విద్యార్థి స్వీడన్ వెళ్తున్నాడనుకుంటే, అక్కడ ఒక్కో కోర్సు మామూలుగా 7.5 క్రెడిట్లు. ఒక విడతలో రెండు కోర్సులే నడుస్తాయి, పది వారాలకు వాటి పరీక్షలు ముగించి మరో రెండు మొదలుపెడతారు. నాలుగు కోర్సులతో 30 క్రెడిట్లు పూర్తి. ఇక్కడ అదే సెమిస్టర్‌లో అయిదు థియరీలు, రెండు మూడు ల్యాబులు ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు జోడీ దొరుకుతుంది, డేటాబేస్‌కు దొరుకుతుంది, ఏదో ఒక మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు మాత్రం దొరకదు. అది తిరిగొచ్చాక సప్లీ రాసేవాళ్లతో కలిసి రాయాలా, ఎలక్టివ్‌గా సర్దుతారా, ఆన్‌లైన్ కోర్సుతో భర్తీ చేస్తారా అన్నది ముందే తేల్చుకోవాలి. అక్కడికి వెళ్లాక టైమ్‌టేబుల్ కుదరకో, చేరేవాళ్లు లేకో కోర్సు రద్దవడం మామూలే. అందుకే జాబితాలో రెండు అదనపు కోర్సులకు కూడా ఆమోదం తీసుకుని పెట్టుకునేవాళ్లు తెలివైనవాళ్లు. మార్పు చేస్తే మొదటి కొద్ది వారాల్లోనే మళ్లీ ముగ్గురి సంతకాలూ పడాలి.

మార్కుల సంగతి ఇంకో చిక్కు. ఇంటర్‌లో వెయ్యికి 980 చూసిన కళ్లకు ఫ్రాన్స్ మార్కుల కాగితం గుండె ఆగినంత పనిచేస్తుంది. అక్కడ 20కి 10 వస్తే పాస్, 14 వస్తే బాగా చదివినట్టు, 16 అంటే చాలా గొప్ప. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 దాటితే ఫెయిల్. ఇటలీలో 30కి లెక్క, 18 పాస్. ఫ్రాన్స్‌లో 14 తెచ్చుకున్న విద్యార్థికి ఇక్కడ డెబ్బై శాతం అని గుడ్డిగా రాసేస్తే సీజీపీఏ పడిపోతుంది, చేసిన శ్రమకు శిక్ష వేసినట్టవుతుంది. అందుకే కొన్ని విశ్వవిద్యాలయాలు అక్కడి సబ్జెక్టులకు ‘పాస్’ అని మాత్రమే నమోదు చేసి, సీజీపీఏ లెక్కలో కలపవు. న్యాయమైన పద్ధతి ఇదే.

ఏ సెమిస్టర్, ఎంత ఖర్చు

నాలుగేళ్ల బీటెక్‌లో ఎక్స్ఛేంజ్‌కు అనువైనవి అయిదో, ఆరో సెమిస్టర్లు. మొదటి రెండేళ్ల మార్కులు చూసే ఎంపిక చేస్తారు గనక అంతకుముందు వీలుపడదు. ఏడో సెమిస్టర్‌లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉంటాయి. ఆ సమయంలో దేశంలో లేకపోతే ఉద్యోగావకాశం చేజారుతుంది. ఎనిమిదోది ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు పోతుంది. తేదీలు కూడా కుదరాలి. మన మొదటి సెమిస్టర్ జూన్, జులైలో మొదలై నవంబరు, డిసెంబరుతో ముగుస్తుంది. స్వీడన్‌లో శరత్కాల సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై జనవరి మధ్య దాకా నడుస్తుంది. జర్మనీలో శీతాకాలపు క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత. అప్పటికి ఇక్కడ తరువాతి సెమిస్టర్ సగానికి వచ్చి ఉంటుంది. హాజరు 75 శాతం అనే నిబంధన ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. ఆతిథ్య విశ్వవిద్యాలయంలో ఉన్న రోజులను ఇక్కడి హాజరుగా పరిగణిస్తామని లిఖితపూర్వక ఉత్తర్వు చేతిలో లేకుండా బయల్దేరకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివే పిల్లలకు ఈ కాగితం మరీ ముఖ్యం.

ఖర్చులో ట్యూషన్ పోగా మిగిలేవి విమాన టికెట్టు, వీసా, బీమా, గది అద్దె, తిండి. ఐరోపాలో షెంగెన్ దేశాలకు వైద్య బీమా ఉండాలి. తొంభై రోజులు దాటే చదువుకు టూరిస్టు వీసా పనికిరాదు, ఆయా దేశాలిచ్చే ‘డి’ తరహా దీర్ఘకాల వీసా కావాలి. జర్మనీ అయితే నెలకు 992 యూరోల లెక్కన డబ్బును బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపించమంటుంది. ఆరు నెలలకు 5,952 యూరోలు, దాదాపు ఆరు లక్షల రూపాయలు. అది కట్టే ఫీజు కాదు, అక్కడ దిగాక నెలనెలా విద్యార్థే తీసుకుని వాడుకునే సొమ్ము. అయినా ఒకేసారి చూపించడం రైతు కుటుంబానికి బరువే. స్కాలర్‌షిప్ దొరికితే ఈ బరువు దిగుతుంది. ఎరాస్మస్ ప్లస్ కింద భారత్ వంటి భాగస్వామ్య దేశాల నుంచి వెళ్లే విద్యార్థికి దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు, దానిపైన దూరాన్ని బట్టి ప్రయాణ ఖర్చు ఇస్తారు. జపాన్‌కు ఎక్స్ఛేంజ్‌పై వెళ్లేవాళ్లలో ఎంపికైనవారికి అక్కడి జాస్సో సంస్థ నెలకు 80,000 యెన్లు ఇస్తుంది. ఫ్రాన్స్ రాయబార కార్యాలయం చార్పాక్ పేరుతో ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ప్రత్యేకంగా స్కాలర్‌షిప్ నడుపుతోంది. రాష్ట్ర ప్రభుత్వాలు తెచ్చిన విదేశీ విద్యా పథకాలు మాత్రం పూర్తి డిగ్రీ కోసం వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటి ఖర్చులో చిన్న వాటాతో వందల మందిని ఆరు నెలల చదువుకు పంపవచ్చు. ఆ మాట ఏ బడ్జెట్ ప్రసంగంలోనైనా వినబడితే బాగుండును.

అమెరికాకు ఎక్స్ఛేంజ్‌పై వెళ్లేవాళ్లకు ఎఫ్–1 కాక జే–1 వీసా ఇస్తారు. దానికి ఆతిథ్య విశ్వవిద్యాలయం డీఎస్–2019 అనే పత్రం పంపాలి. ఏ దేశానికైనా ముందు కావాల్సింది పాస్‌పోర్టు. మన పిల్లలు అక్కడే తడబడతారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా, కాలేజీ గుర్తింపు కార్డులో ఇంకోలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాస్తారు. విదేశీ విశ్వవిద్యాలయం పంపే లేఖలో, బీమాలో, బ్యాంకు కాగితంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. బీటెక్ మొదటి ఏడాదిలోనే ఈ పేర్లన్నీ సరిచేయించుకుని పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకుంటే మూడో ఏడాదిలో పరుగులు తప్పుతాయి.

అక్కడి బతుకు గురించి ఇళ్లలో ఉండే భయాల్లో సగం తిండి గురించే. ఐరోపా దేశాలకు పాలతో చేసిన పదార్థాలు, మాంసం సామానులో తీసుకెళ్లడం నిషిద్ధం. అమ్మ కట్టిచ్చిన నెయ్యి డబ్బా విమానాశ్రయంలోనే ఆగిపోతుంది. కారంపొడికి, చింతపండుకు, రాగిపిండికి అలాంటి ఇబ్బంది లేదు. బియ్యం, పప్పు అన్ని పెద్ద ఊళ్లలో దొరుకుతాయి, వండుకోవడం రావాలంతే. చదువులో తేడా మాత్రం గట్టిగా తగులుతుంది. వారానికి క్లాసులు తక్కువ, చదవాల్సింది ఎక్కువ. చివరి వారం ఆల్ ఇన్ వన్ గైడు పట్టుకుని గట్టెక్కే వీలుండదు. గ్రూపు పనిలో మాట్లాడనివాడికి మార్కులు రావు. అధ్యాపకుణ్ని పేరు పెట్టి పిలిచే చోట, ఆయన చెప్పినదాన్ని ప్రశ్నించమని ఆయనే అడిగే చోట, తల వంచుకుని నోట్సు రాసుకోవడానికి అలవాటు పడిన పిల్లలు మొదటి నెల కొంచెం నలుగుతారు. రెండో నెలకు తేరుకుంటారు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెండేళ్ల ఎమ్మెస్‌కు, ఆపై ఉద్యోగానికి ఒంటరిగా పంపడానికి వెనకాడే సీమ కుటుంబాలు చాలా ఉన్నాయి. సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌లో కాలేజీ పంపుతుంది, అవతల కాలేజీ బాధ్యత తీసుకుంటుంది, సాధారణంగా హాస్టల్ గది చూపిస్తుంది, తిరిగొచ్చే తేదీ ఖాయం. అమ్మాయిలకు తలుపు తెరవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు.

దువ్వూరుకు దగ్గరలో ఏముంది

ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఐఎస్‌బీ వంటి సంస్థలకు విదేశీ ఒప్పందాలు ముందునుంచీ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్‌తో ఉన్న బంధం మరీ గట్టిది. అమరావతి ప్రాంతంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సెమిస్టర్ అబ్రాడ్ కార్యక్రమాలు నడుపుతున్నాయి. దువ్వూరు పిల్లలు ఎక్కువగా చేరేది మాత్రం చుట్టుపక్కల ప్రభుత్వ సంస్థల్లోనో, అఫిలియేటెడ్ కాలేజీల్లోనో. 2006లో మొదలైన యోగి వేమన విశ్వవిద్యాలయం, ప్రొద్దుటూరులో దాని ఇంజినీరింగ్ కళాశాల, అదే ఊళ్లోని పశువైద్య కళాశాల, 2006 నాటి పులివెందుల జేఎన్‌టీయూఏ ఇంజినీరింగ్ కళాశాల, 2008లో ఇడుపులపాయలో పెట్టిన ట్రిపుల్ ఐటీ ఈ ప్రాంతపు పెద్ద చదువుల చోట్లు. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలను చేర్చుకునే ఇడుపులపాయ వంటి చోట ఎక్స్ఛేంజ్ అవకాశానికి ఉండే విలువ నగరపు కాలేజీలో ఉండదు.

నిబంధనలు అడ్డు కావు. 2020 జాతీయ విద్యావిధానం తరువాత 2021లో విద్యార్థి క్రెడిట్లను జమచేసి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. 2022 మే నెలలో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ట్వినింగ్ పద్ధతిలో మొత్తం క్రెడిట్లలో 30 శాతం దాకా విదేశీ విశ్వవిద్యాలయంలో సంపాదించవచ్చు. 160లో 48 అంటే రెండు సెమిస్టర్లకు పైనే. న్యాక్‌లో కనీసం 3.01 స్కోరు, లేదా జాతీయ ర్యాంకింగుల్లో మొదటి వంద విశ్వవిద్యాలయాల్లో చోటు వంటి అర్హత ఉండాలి. అవతలి సంస్థ ప్రపంచ ర్యాంకింగుల్లో తొలి వెయ్యిలో ఉండాలి. అఫిలియేటెడ్ కాలేజీ తనంతట తాను పట్టా ఇవ్వలేదు కాబట్టి, క్రెడిట్లను గుర్తిస్తామన్న మాట ఇవ్వాల్సింది దాని మాతృ విశ్వవిద్యాలయం. ఆ ఒక్క ఉత్తర్వు వస్తే దాని కింద ఉన్న కాలేజీలన్నిటికీ దారి తెరుచుకుంటుంది.

కష్టం రెండో వైపుది. పిల్లలను పంపాలంటే పిల్లలు రావాలి. విదేశీ విద్యార్థి కడపకు ఎందుకు వస్తాడని పెదవి విరిచేవాళ్లకు ఈ నేలే జవాబు. నెలవంక ఆకారంలో పరచుకున్న కడప బేసిన్ ప్రపంచ భూగర్భ శాస్త్రవేత్తలకు పాఠ్యపుస్తకం. వేంపల్లె పేరుతోనే పిలిచే శిలల్లో వందల కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చి వదిలిన స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. తుమ్మలపల్లె యురేనియం ఆ రాళ్లలోదే. జమ్మలమడుగు పక్కన గండికోట దగ్గర పెన్న కోసిన లోయ ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుల నాటి తెలుగు శాసనం ఉంది. పూర్తిగా తెలుగులో దొరికిన శాసనాల్లో తొలిదిగా చెప్పే దాని వయసు దాదాపు 1,450 ఏళ్లు. సీపీ బ్రౌన్ తెలుగు నేర్చుకుని వేమన పద్యాలు వెతికిన జిల్లా ఇది. వ్యవసాయం చదివేవాళ్లకు మైదుకూరు పేరుమీదే ఒక పసుపు రకం ఉంది, పులివెందుల డ్రిప్పు నీటి అరటి తోటలున్నాయి, వర్షాభావంతో తరతరాలుగా సర్దుకుంటూ వచ్చిన రైతుల అనుభవం ఉంది. భూగర్భ శాస్త్రంలో ఒకటి, శాసనాలూ భాష మీద ఒకటి, మెట్ట వ్యవసాయం మీద ఒకటి – ఇంగ్లీషులో బోధించే మూడు కోర్సులు, పాతిక గదుల శుభ్రమైన హాస్టల్, ఈమెయిల్‌కు రెండు రోజుల్లో జవాబిచ్చే ఒక అంతర్జాతీయ విభాగం ఉంటే చాలు, ఈ జిల్లా ఆతిథ్యమివ్వడానికి సిద్ధమైనట్టే.

ఈ పని మంత్రులు చేయాల్సింది కాదు, విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిళ్లు చేయాల్సింది. క్రెడిట్ గుర్తింపుపై తీర్మానం, మార్కుల మార్పిడి పట్టిక, హాజరు మినహాయింపు – ఈ మూడూ ఒకే సమావేశంలో ఆమోదించగలిగినవి. ఈలోగా బీటెక్ మొదటి, రెండో ఏడాదిలో ఉన్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కాలేజీకి వెళ్లి అడగాలి: మన విశ్వవిద్యాలయానికి ఏ విదేశీ విశ్వవిద్యాలయంతో విద్యార్థుల మార్పిడి ఒప్పందం ఉంది, నామినేషన్ గడువు ఎప్పుడు, క్రెడిట్లు ఎలా కలుపుతారు? సమాధానం లేకపోతే ఆ ప్రశ్నలే అర్జీగా రాసి రిజిస్ట్రార్‌కు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.